చెంచా వంచితే నీళ్లలా జారకూడదు: ఆరు నెలల పాప, ఒక జావ ప్రాజెక్టు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. బావి పంపులు, మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు వస్తుంటాయి. వచ్చిన ప్రతి దానికీ ఒక జాబ్ కార్డు రాస్తాను: ఎక్కడ కాలింది, ఏ గేజి తీగ, ఎన్ని చుట్లు, ఏం మార్చాం. పాపకి ఆరు నెలలు నిండబోతున్నాయనగా ఇంట్లో సలహాలు చెప్పేవాళ్లు ఎక్కువైపోయారు. ఎవరేం చెప్పారో, మేమేం పెట్టామో, పాప దాన్ని మింగిందో ఉమ్మిందో సాయంత్రానికి గుర్తుండటం లేదు. సరే అని పాప పేర కూడా ఒక కార్డు తెరిచాను. మా ఆవిడ చూసి, "పిల్లేమైనా పంపుసెట్టా?" అంది. కొన్నాళ్లకి తనే అందులో రాయడం మొదలుపెట్టింది. కింద ఉన్నవి ఆ కార్డు మీది రాతలే, కాస్త సాఫు చేశాను.

ముహూర్తం గొడవ

మగపిల్లలకి సరి నెలలో, ఆడపిల్లలకి బేసి నెలలో అన్నప్రాసన అని మనవాళ్ల లెక్క. మా అమ్మ అయిదో నెలలోనే చేసేద్దామంది. డాక్టరు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దన్నారు. ఇక్కడ ఇంట్లో యుద్ధం జరగాల్సింది, జరగలేదు. ఎందుకంటే మన పెద్దలు నడుస్తున్న నెలని లెక్కపెడతారు, డాక్టర్లు నిండిన నెలని. ఆరు నిండి ఏడు నడుస్తుంటే అది బేసి నెలే. పంతులుగారు ఏడో నెలలో ముహూర్తం పెట్టారు, డాక్టరు సరేనన్నారు, ఇద్దరూ గెలిచారు.

పాప ముందు పుస్తకం, పెన్ను, పూలు, మా అమ్మ గొలుసు పెట్టాం. నా వైపు వాళ్లెవరో సరదాకి స్క్రూడ్రైవర్ పెడితే తీసేయించాను, మొన ఉంది. పాప వీటన్నిటినీ వదిలేసి తాంబూలం పళ్లెం అంచు పట్టుకుని లాగింది. దాని అర్థం ఏమిటో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. బెల్లం పరమాన్నం ఉంగరంతో నాలిక్కి రాశారు, అంతే. ఏడాది నిండేదాకా చక్కెర, ఉప్పు వెయ్యొద్దని పిల్లల డాక్టర్ల మాట, దాన్ని ఇంటి వంటలో ఆ మర్నాటి నుంచి పాటిస్తున్నాం. తేనె మాత్రం ఆ రోజు కూడా నాకించనివ్వలేదు. తేనెలో బోట్యులిజం తెచ్చే సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు. ఏడాది లోపు పిల్లల పేగుల్లో అవి మొలిచి విషం తయారుచేస్తాయి. మనలాంటి పెద్దవాళ్లకి ఏమీ కాదు కాబట్టి ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

పాతపట్నం నుంచి వచ్చిన మా అత్తయ్య వసకొమ్ము తెచ్చింది. "వస పోస్తే మాటలు తొందరగా వస్తాయి బాబూ" అంది. వస ఎక్కువైతే పసిపిల్లలకి వాంతులవుతాయని డాక్టరు చెప్పిన మాట నేను చెప్పాను. అత్తయ్య కొమ్ముని కొంగున ముడేసుకుని, "మీ ఆవిడకి పోశాను, ఇప్పుడు ఎవరాపగలుగుతున్నారు?" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

మొదటి చెంచాలు

మొదటివారం పని తిండి పెట్టడం కాదు, చెంచా అంటే ఏమిటో పాపకి తెలియడం. నోట్లో ఏదైనా పెడితే నాలుకతో బయటికి నెట్టేసే అలవాటు పసిపిల్లలకి పుట్టుకతోనే ఉంటుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అది తగ్గుతుంది. మా పాపకి ఇంకా కొంచెం ఉంది. పెట్టినదాంట్లో సగం గడ్డం మీదికి వచ్చేది. అమ్మ దాన్ని "నచ్చలేదు" అని రాయించింది. నేను కొట్టేసి "నెట్టింది" అని రాశాను. ఈ రెండూ ఒకటి కాదు. నచ్చకపోతే పిల్ల తల తిప్పుకుంటుంది, పెదాలు బిగిస్తుంది. నెట్టేటప్పుడు నోరు తెరిచే ఉంటుంది, కళ్లు చెంచా మీదే ఉంటాయి.

ఇంకో రాత: "ఓక్" మన్న శబ్దం. మొదటిసారి వింటే గుండె ఆగుతుంది. ఆ ఓకరింపు పిల్లల్లో నాలుక మీద బాగా ముందు భాగంలోనే మొదలవుతుంది, అది కాపలా పని. దగ్గుతోంది, శబ్దం చేస్తోంది, మొహం ఎర్రబడింది అంటే గాలి ఆడుతోందని అర్థం. భయపడాల్సింది శబ్దం లేనప్పుడు. అందుకే పాప తింటున్నప్పుడు ఎదురుగా ఒకళ్లు కూర్చోవాల్సిందే, ఫోను చూడకుండా. ఆ మాట కార్డు మీద ఎర్ర పెన్నుతో రాశాం. ఎవరి కోసం రాశామో ఇంట్లో అందరికీ తెలుసు.

కూర్చోవడానికి కుర్చీ చేద్దామని పంపు వచ్చిన చెక్కపెట్టె విప్పాను. మేకులు, పేడులు, ఏదో మందు వాసన. పక్కన పడేశాను. మా ఆవిడ ఒడిలో, వీపు తన పొట్టకి ఆనేలా నిటారుగా కూర్చోబెడితే సరిపోయింది. తల నిలబడాలి, నడుము ఒంగిపోకూడదు, అంతకంటే ఏ కుర్చీ అయినా చేసేది లేదు.

ఉగ్గుగిన్నె

అమ్మ అటక మీంచి నా ఉగ్గుగిన్నె దింపించింది. వెండిది, పక్కన సన్నటి మూతి. కాళ్లు చాపుకుని పిల్లని వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఈ మూతితో గొంతులోకి పోసేవాళ్లు. నేనూ అలాగే పెరిగానని సాక్ష్యంగా నన్నే చూపించింది.

చేతిలో పట్టుకుని చూస్తే ఒక సంగతి తట్టింది. ఆ మూతిలోంచి ఏదైనా దిగాలంటే అది పల్చగా ఉండి తీరాలి. మన ఇళ్లలో పసిపిల్లల జావ అంత నీళ్లలా ఎందుకుంటుందని ఎవర్నడిగినా "పిల్లకి అరగదు" అంటారు. నాకైతే పల్చన చేసేది పిల్ల కోసం కాదు, గిన్నె మూతి కోసం అనిపించింది. తర్వాత గిన్నెలు పోయి పాలసీసాలు వచ్చాయి. వాటి రబ్బరు మూతికి కన్నం పెద్దది చేసి జావ పోసేవాళ్లని నేనే చూశాను. పాత్ర మారింది, పల్చన మారలేదు.

పడుకోబెట్టి పోయడంలో ఇంకో ప్రమాదం ఉంది. మింగేదీ మింగనిదీ పిల్ల చేతిలో ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఉగ్గుగిన్నెని తోమి షోకేసులో పెట్టాం. అమ్మకి ఒకపూట కోపం వచ్చింది.

లెక్క

ఇక్కడే షాపు బుద్ధి పనికొచ్చింది. రాగి తీగ తూచడానికి వాడే చిన్న డిజిటల్ కాటా లాంటిది ఇంటికి వేరేగా ఒకటి కొన్నాను. షాపుది తేలేదు, వార్నిష్ అంటుకుని ఉంటుంది.

మా ఇంటి పెద్ద చెంచాతో చోడిపిండి (రాగిపిండి) తల కొట్టి కొలిస్తే 9 గ్రాములు తూగింది. చోడిపిండి 100 గ్రాముల్లో సుమారు 320 కేలరీలు ఉంటాయి. అంటే చెంచాకి దాదాపు 29. అమ్మ పద్ధతిలో ఒక చెంచా పిండి, గ్లాసు నీళ్లు. గ్లాసు 200 మిల్లీలీటర్లు. అంటే 100 మిల్లీలీటర్ల జావలో 15 కేలరీలు కూడా లేవు.

తల్లిపాలలో అంతే పరిమాణానికి 65 కేలరీల దాకా ఉంటాయి.

ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి మా ఆవిడకి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. పాప పొట్ట చిన్నది. కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుందని లెక్క, మా పాపకి రెండొందల చిల్లర. దాన్ని పల్చటి జావతో నింపితే పాలు తాగే చోటు పోతుంది, వచ్చేది పాలలో నాలుగో వంతు. కడుపు నిండి పడుకుంటుంది, అందరూ "జావ పట్టింది" అంటారు, బరువు మాత్రం కదలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లకి తల్లిపాలు బాగా అందుతుంటే పైతిండి నుంచి రోజుకి దాదాపు 200 కేలరీలు రావాలి. మొదట్లో రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, మెల్లగా పూటకి అరకప్పు, అంటే 125 మిల్లీలీటర్ల దాకా తీసుకెళ్లాలి. రోజుకి రెండు మూడు పూటలు. వెనక్కి లెక్కకడితే, అరకప్పులో 20 గ్రాముల పిండి, ఒక చిన్న చెంచాకి తక్కువగా నెయ్యి వేస్తే 100 కేలరీలు. రెండు పూటలకి పని అయిపోతుంది.

కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. పొయ్యి మీద 125 మిల్లీలీటర్లలో 20 గ్రాముల చోడిపిండి ఉడికిస్తే వచ్చేది జావ కాదు, సంకటి. మా పాప దాన్ని నోట్లో పెట్టుకుని నా వైపు చూసిన చూపు కార్డులో రాయడానికి వీల్లేదు.

మిగిలిన గిన్నె

మర్నాడు మధ్యస్థంగా చేశాం. చెంచా వంచితే నింపాదిగా జారేంత. పాప కొంచెం తిని తల తిప్పేసింది. గిన్నె గట్టు మీద పెట్టి షాపుకి వెళ్లిపోయాను. భోజనానికి వచ్చేసరికి ఆ గిన్నెలో జావ నీళ్లలా విడిపోయి ఉంది. అమ్మ, "నీళ్లు కలిపావేమే కోడలా?" అని అడిగింది. ఎవరూ కలపలేదు.

కలిపింది పాపే. ఎంగిలి చెంచా గిన్నెలో ముంచినప్పుడు ఉమ్మి చేరింది. ఉమ్మిలో ఉండే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థపు పొడవాటి గొలుసుల్ని ముక్కలు చేస్తుంది. గొలుసులు తెగితే చిక్కదనం పోతుంది, కేలరీలు మాత్రం ఎక్కడికీ పోవు. తల్లిపాలలో కూడా అమైలేజ్ ఉంటుంది. జావలో పిండిన పాలు రెండు చెంచాలు కలిపితే వదులవడం తర్వాత కళ్లారా చూశాం. (ఎంగిలి గిన్నెలో మిగిలింది మాత్రం పాపకి మళ్లీ పెట్టకూడదు. సూక్ష్మజీవులు పెరుగుతాయి. నాకు పెట్టారు.)

అంటే 20 గ్రాముల పిండినీ వాడి, చివర్లో అమైలేజ్ కొంచెం వేస్తే, తిండి సారం తగ్గకుండానే మింగడానికి వీలైన జావ వస్తుంది. అమైలేజ్ ఎక్కడ దొరుకుతుంది? మొలకెత్తిన గింజలో. గింజ మొలిచేటప్పుడు తన పిండిని తానే కరిగించుకోవడానికి దాన్ని తయారుచేసుకుంటుంది. మన ధాన్యాల్లో ఈ పనికి చోళ్లు బాగా పనికొస్తాయి. మొలక చోడిపిండి మన అమ్మమ్మలకి తెలియనిది కాదు. కాకపోతే జావ మొత్తం దాంతోనే కాచి, మళ్లీ నీళ్లు పోసి పల్చన చేసేవాళ్లు. చిటికెడు విడిగా దాచుకుని చివర్లో వేసే పద్ధతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

సంత, మూట, వాన

చోళ్లు సంతలో కొన్నాను. గుమ్మ, సెరంగో వైపు కొండల నుంచి సవర ఆడవాళ్లు తెస్తారు. పసుపు, కందులు, పనసకాయలతో పాటు చోళ్ల మూటలూ ఉంటాయి. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ పెట్టాక వీటికి పట్టణంలోనూ గిరాకీ పెరిగింది. ఇక్కడి ఒడియా వాళ్లు మండియా అంటారు, సంతలో ఏ పేరుతో అడిగినా ఇస్తారు. పాలిష్ పట్టనివి, కొత్త పంటవి చూసుకోవాలి. మరీ పాతవైతే సరిగ్గా మొలవవు.

పద్ధతి ఇది. చోళ్లు నాలుగైదు నీళ్లలో కడిగి రాళ్లు గాలించాలి. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి, శుభ్రమైన తడి గుడ్డలో మూటకట్టి వేలాడదీయాలి. మధ్యమధ్య నీళ్లు చిలకరించాలి. వేసవి ఉక్కకి రోజు తిరిగేసరికి తెల్లటి మొలక కనిపిస్తుంది, గింజంత పొడవు రాగానే ఆపెయ్యాలి. తర్వాత నీడన ఆరబెట్టాలి, చేత్తో నలిపితే ఎండిన వేళ్లు రాలిపోతాయి, చాటలో చెరగాలి. అప్పుడు దోరగా, చాలా తక్కువ మంట మీద, తడి పోయేంత మాత్రమే వేడి చెయ్యాలి. ఘుమఘుమలాడేలా వేయిస్తే అమైలేజ్ చచ్చిపోతుంది, మామూలు పిండికీ దీనికీ తేడా ఉండదు.

చదవడానికి తేలిక. మేం మొదలుపెట్టింది రథయాత్ర రోజుల్లో. ఊళ్లో జగన్నాథుడి రథం లాగుతుంటే మహేంద్రగిరి వైపు నుంచి మబ్బు దిగి ఆగకుండా వాన. మొదటి వాయ మూట వాసన వచ్చింది, విప్పితే జిగురు. పారబోశాం. మొలక గింజల విషయంలో బాగుందేమో అని ఆలోచించే పని లేదు, వాసన వస్తే పారెయ్యడమే.

రెండో వాయకి పక్కింటి మావుసీ సాయం పట్టింది. ఆవిడది బరంపురం. కోడళ్ల కాన్పులు, మనవల పెంపకాలు అన్నీ చూసిన మనిషి. "ఏమయ్యా, ఇంట్లో అన్ని ఫ్యాన్లు పెట్టుకుని ఎండకోసం చూస్తావేంటి?" అంది తన ఒడియా తెలుగులో. నిజమే. పల్చటి గుడ్డ పరిచి, గింజలు ఒక్క వరసలో ఆరబోసి, పైన సీలింగ్ ఫ్యాను, పక్కన రిపేరుకొచ్చి బాగైన టేబుల్ ఫ్యాను పెట్టాం. ఆ ఫ్యాను తాలూకు మనిషి రెండుసార్లు వచ్చి అడిగాడు, టెస్టింగులో ఉందని చెప్పాను. అబద్ధం కాదు.

ఎండిన గింజ పళ్ల మధ్య కొరికితే టక్కుమనాలి. మెత్తగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, పిండి నిలవ ఉండదు. మర దగ్గర ముందు ఎవరో మిరపకాయలు ఆడించుకున్నారు. వెనక్కి వచ్చేసి మిక్సీలో వేశాం, పల్చటి గుడ్డలో జల్లించి చిన్న సీసాలో పెట్టాం. మిగతా చోళ్లు మొలకెత్తించకుండా వేయించి విడిగా పిండి చేశాం. ఇది అసలు తిండి, సీసాలోది మందులాంటిది.

అసలు టెస్టు

బేరింగుల వేడి చూసే టెంపరేచర్ గన్ షాపులో ఉంది. అమైలేజ్ 60 నుంచి 70 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది, మరుగుతున్న జావలో వేస్తే చచ్చిపోతుంది. కాబట్టి వేడి చూడటం అవసరం. గన్ పైపై వేడే చూపిస్తుంది, పైన మీగడ కట్టి ఉంటే అంకె తప్పు. బాగా కలిపి వెంటనే చూడాలి.

20 గ్రాముల పిండి చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి ఉడికించాం. గరిటె నిలబడేంత ముద్ద. దించి, కలుపుతూ 68 డిగ్రీలకి వచ్చాక సీసాలో పొడి అర చిన్నచెంచా వేసి కలిపాను. మొదట ఏమీ కాలేదు. మా ఆవిడ నా మొహం చూసింది, నేను గన్ చూశాను. కలుపుతూనే ఉంటే గరిటె బరువు తగ్గడం చేతికి తెలిసింది. కాసేపటికి ముద్ద మెరుస్తూ కదలడం మొదలైంది, చెంచా వంచితే దళసరిగా, తీరుబడిగా జారింది. నీళ్లు చుక్క కూడా పొయ్యలేదు. అమ్మ వచ్చి వేలితో ముట్టుకుని, "ఏం కలిపావురా?" అని అడిగింది. కాస్త తీపి కూడా తెలుస్తుంది, పిండి తెగి చక్కెరలవుతుంది కదా. చక్కెర వెయ్యనక్కర్లేదన్న మాటకి అమ్మ ఒప్పుకున్నది ఆ రోజే.

తర్వాత మళ్లీ పొయ్యి మీద పెట్టి రెండు నిమిషాలు బుడగలొచ్చేలా మరిగించాలి. ఇది మానకూడదు. మొలక పిండిలో సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఎక్కువ. వదులు చేసే పని అప్పటికే అయిపోయింది కాబట్టి ఇప్పుడు అమైలేజ్ చచ్చినా పర్వాలేదు. దించాక నెయ్యి.

పాప ఎంత తింది? ఆ పూట మూడు చెంచాలు. నాకు గిన్నె ఖాళీ అవాలని ఆత్రం. మా ఆవిడ చెంచా కింద పెట్టేసి, "తల తిప్పింది, అయిపోయింది" అంది. కార్డులో అలాగే రాసింది. చిక్కటి జావ మూడు చిన్న చెంచాలు, అమ్మ పల్చటి జావ అరగ్లాసు దాదాపు ఒకటే. అది తెలిశాక బతిమాలడం, ఆకాశంలో కాకిని చూపించి నోట్లో కుక్కడం తగ్గాయి. కాకిని ఇప్పుడు ఊరికే చూపిస్తున్నాం.

ఇంకో చిట్కా: పాప చెంచా లాక్కుంటుంటే రెండో చెంచా చేతికివ్వాలి. ఒకటి తనకి, ఒకటి మనకి.

ఛతువా

అంగన్‌వాడీలో ఆరు నెలలు నిండిన పిల్లలకి ఇక్కడ ఛతువా ఇస్తారు. గోధుమ, సెనగ, వేరుసెనగ, చక్కెర వేసి మహిళా సంఘాలు చేసే పొడి. మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళ్తే అదే వయసు పిల్లలకి బాలామృతం. అత్తయ్యకి తమవైపుదే గొప్ప. నేను రెండూ రుచి చూశాను, తీపి రెండింట్లోనూ ఉంది. అయినా ఛతువాని మేం వదిలెయ్యలేదు, ఒక్కటే పెట్టడమూ లేదు. వేరుసెనగ ఉన్న తిండి తొందరగా అలవాటు చెయ్యడం మంచిదే, గింజగా మాత్రం ఎప్పుడూ ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. చోడి జావలో ఒక చెంచా ఛతువా కలుపుతున్నాం. మొలక పొడి దానిమీదా పనిచేస్తుంది.

మమతా దివస్

మమతా దివస్ అంటే నెలకోసారి అంగన్‌వాడీలో తూకం. దూలానికి వేలాడే కాటా, దానికి గుడ్డ సంచి. మా పాప అందులో కూర్చుని ఊళ్లో అందరినీ చూసి నవ్వింది. 6 కిలోల 900. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పట్టికల్లో ఆరు నెలల ఆడపిల్లకి మధ్య అంకె 7 కిలోల 300. మా ఆవిడకి టెన్షన్. ఆ మధ్య అంకె పాస్ మార్కు కాదు, సగం మంది పిల్లలు దానికి తక్కువే ఉంటారు, మన గీత పక్కకి వాలకుండా పైకి వెళ్తోందా అన్నదే చూడాలి అని ఆశా కార్యకర్త అంగన్‌వాడీ వాళ్ల ఎదుగుదల కార్డు తిప్పి చూపించింది. కార్డు ఒడియాలో ఉంటుంది, గీత చదవడానికి భాష అక్కర్లేదు.

ఐరన్ సిరప్ సీసా కూడా ఇచ్చారు. వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు. అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్. పుట్టినప్పుడు తెచ్చుకున్న ఐరన్ నిల్వ ఆరు నెలలకి అడుగంటుతుంది, తల్లిపాలలో ఐరన్ తక్కువ. చోళ్లలో కాల్షియం బ్రహ్మాండంగా ఉంటుంది, 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైనే. ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లూ ఉంటాయి. మొలకెత్తిస్తే కొంత తగ్గుతాయి, అయినా జావతోనే రక్తం పడుతుందని ధీమాగా ఉండటానికి లేదు. సిరప్ వేశాక దొడ్డికి నల్లగా వస్తుంది. ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రే ఆస్పత్రికి పరిగెత్తేవాళ్లం.

మిగతావి, క్లుప్తంగా

చీర ఉయ్యాల దించేశాం. బోర్లా పడటం, పక్కకి ఒరగడం వచ్చేశాక అందులో వదిలి పక్కకి వెళ్లడం మంచిది కాదు. కొక్కెం బలంగానే ఉంది, నేనే బిగించాను. సమస్య కొక్కేనిది కాదు. ఇప్పుడు నేల మీద పరుపు.

నేల మీద పరుపంటే నేలంతా పాపదే. షాపు బట్టలు గుమ్మం దగ్గరే విప్పుతున్నాను. చిన్న రాగి తీగ ముక్క ఒకటి నా జేబులోంచి రాలి పాప గుప్పిట్లో కనిపించింది. మూత మరలు ఊడే బటన్ సెల్ బొమ్మలన్నీ షాపుకి పంపేశాను. ఆ సెల్లు మింగితే గంటల్లో గొంతు కాలిపోతుంది.

నిద్ర: చిక్కటి జావ పెడితే రాత్రంతా పడుకుంటుందని అందరూ అన్నారు. పడుకోలేదు.

సెలవు అయిపోయింది

మా ఆవిడ టీచరు. 2017లో చట్టం మారాక 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. కాన్పుకి ముందే కొంత వాడుకుంటే పిల్లకి ఆరు నెలలు నిండకుండానే అయిపోతుంది. మిగిలిన సెలవులన్నీ అతికించి ఇంతదాకా లాగింది. ఇక వెళ్లాలి.

పాలు పిండి స్టీలు గిన్నెలో మూత పెట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెడుతున్నాం. బయట నాలుగు గంటలంటారు కానీ ఆ లెక్క 25 డిగ్రీల గదికి. మా ఉక్కలో ఆ ధైర్యం చెయ్యలేం. గోరువెచ్చని నీళ్లలో గిన్నె ఉంచి వెచ్చచేసి, చెంచాతో పట్టడం అమ్మ పని. సీసా వద్దనుకున్నాం.

జావ పని కూడా అమ్మకే అప్పగించాలి. టెంపరేచర్ గన్ చూపించబోతే చేత్తో తోసేసింది. గిన్నె దించాక, "దేవుడికి దీపం పెట్టి వచ్చేసరికి నీ డిగ్రీలు వస్తాయిరా" అంది. గన్‌తో చూశాను, 66. అమ్మ పద్ధతినే కార్డు మీద రాసి గోడకి అంటించాం: ముద్ద ఉడికించు, దించు, దీపం పెట్టు, పొడి వేసి కలుపు, మళ్లీ మరిగించు, నెయ్యి.

ప్రస్తుతం పరిస్థితి: పొద్దున చోడి జావ, సాయంత్రం పెసరపప్పు వేసి మెత్తగా ఉడికించిన అన్నం, మధ్యలో మెదిపిన అరటిపండో బొప్పాయో. పూటకి అరకప్పు ఇంకా చేరలేదు, పావుకప్పు దాటింది. పాలు మామూలుగానే. సీసాలో మొలక పొడి సగానికి వచ్చింది, వాన తెరిపిస్తే ఇంకో వాయ కట్టాలి. ఆదివారం నుంచి బాగా ఉడికిన గుడ్డు సొన కలపాలని డాక్టరు చెప్పారు. అమ్మ శనివారాలు గుడ్డు ముట్టదు, ఆ పూట వంట నాది.